నాగావళి ఇసుకలో మంచు పాఠం

కొండదారి: పాఠకుల ప్రశ్నలకు రాయగడ డ్రిల్లు మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, క్రెవాస్‌ని తెలుగులో ఏమనాలి? ఎనిమిదో తరగతికి ‘హిమ విదరం’ అని చెబితే పిల్లలు బిక్కమొహాలు వేశారు.
– ఒక టీచరు, గుణుపురం

జవాబు: వేయరూ మరి! నాకే అర్థం కాలేదు. నెర్రె అనండి చాలు. వేసవిలో మీ వంశధార పక్క పొలాలు నెర్రెలిస్తాయి కదా, పిల్లలకు అవి చూపించండి. కారణం మాత్రం వేరు. పొలం ఎండి పగులుతుంది, గ్లేసియర్ కదిలి పగులుతుంది. గ్లేసియర్ అంటే గడ్డకట్టిన చెరువు కాదు, తన బరువుకి తానే మెల్లగా కిందికి జారే మంచు. వాలు మారినచోటా మలుపు తిరిగినచోటా పైపొర సాగలేక పగిలిపోతుంది. లోపలి మంచు పైబరువుకి ముద్దలా సాగుతుంది కాబట్టి నెర్రె సాధారణంగా 30, 40 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆగిపోతుంది అంటే ధైర్యం చెబుతున్నానని కాదు, అది పదంతస్తుల మేడ ఎత్తు.

కనిపించే నెర్రెతో పెద్ద పేచీ లేదు, చుట్టు తిరిగి పోతాం. చలికాలంలో కురిసిన మంచు దాని నోటిమీద కప్పు వేస్తుంది. పైకి చూస్తే చదునైన నేల. ఆ కప్పుతోనే తంటా.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా నాన్నగారు రాయగడలో మీ దగ్గరే చదువుకున్నారు. నేను పర్లాకిమిడిలో నర్సుని. రెండేళ్ళ క్రితం బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేశాను. జూన్ మొదటి వారంలో మరో ముగ్గురితో కలిసి మనాలి దగ్గర ఫ్రెండ్‌షిప్ పీక్ ఎక్కడానికి వెళ్తున్నాను. ఆ ముగ్గురిలో ఒకరే కోర్సు చేశారు. క్రెవాస్‌లో పడినవాళ్ళను పైకి తీయడం కోర్సులో ఒక్కపూట చూపించారు. ఇప్పుడు నోట్సు తీస్తే నా బొమ్మలు నాకే అర్థం కావడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఎండ మండిపోయే ఈ ఊళ్ళో ఎలా ప్రాక్టీస్ చేయాలి?
– పేరు వద్దన్నారు, పర్లాకిమిడి

జవాబు: తల్లీ, ఆ టెన్షన్ ఉండనీ. అది లేనివాళ్ళను చూస్తేనే నాకు భయం. పైగా నువ్వు రెండు నెలల ముందే అడిగావు. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం రైలు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని రాసినవే.

ఫ్రెండ్‌షిప్ ఎత్తు 5,289 మీటర్లు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మంచిదని పేరు. ఆ పేరు విని తాడు సంచిలోనే పెట్టుకుని నడిచేవాళ్ళున్నారు. జూన్ మొదట్లో నెర్రెల మీద మంచుకప్పు ఇంకా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ మెత్తబడుతుంది. అర్ధరాత్రి దాటగానే బయల్దేరి ఎండ ముదిరేలోపు దిగిపొమ్మనేది అందుకే.

ముందు నా నిర్వాకం చెబుతాను. పాతికేళ్ళు దాటింది. గఢ్వాల్‌లో ఒక గ్లేసియర్ మీద ముగ్గురం ఒకే తాడుకి కట్టుకుని పోతున్నాం. ముందు మా రాయగడ స్నేహితుడు, మధ్యలో నేను, వెనక బరంపురం నుంచి వచ్చిన ఒడియా మిత్రుడు. ఉదయం తొమ్మిదిన్నర. ముందువాడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. రాగం ఆగింది. తలెత్తితే మనిషి లేడు. కేక లేదు, చప్పుడు లేదు. మరుక్షణం తాడు నన్ను నడుం పట్టి ఈడ్చింది. బోర్లా పడి, ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి) గుచ్చి, బూటు ముళ్ళు మంచులో తన్నిపెట్టి ఎలాగో ఆగాను. గడ్డం కింద మంచు కరిగి చొక్కాలోకి కారుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి తీయలేను.

వెనకవాడు నా దగ్గరికి వచ్చి, తాడు బరువు నా నడుం మీంచి తీసి మంచులో పాతిన ఊతం, అంటే యాంకర్ మీదికి మార్చాలి. ‘పుల్లీలు ఏవి?’ అన్నాడు. పుల్లీలు రెండూ, మంచులో దిగగొట్టే మేకుతో సహా, ముందువాడి సంచిలో ఉన్నాయి. అంటే నెర్రెలో. సామాన్లు పంచింది నేనే. ముగ్గురికీ బరువు సమానంగా రావాలని తూకం చూశాను గానీ, ఎవడు పడితే ఏ సామాను పోతుందో చూడలేదు. సరే, ఐస్ యాక్స్ పాతి యాంకర్ చేశాడు. తాడుకి ప్రూసిక్ ముడి వేశాడు, బరువు పడితే బిగుసుకుని, తీస్తే జరిగే ముడి అది. జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. పెద్ద తాడు 9 మిల్లీమీటర్లు, ముడికి మేం కొనుక్కెళ్ళిన తాడు 8. ప్రూసిక్‌కి తాడు బాగా సన్నంగా ఉండాలి, 6 మిల్లీమీటర్లది. లావుది బిగుసుకోదు. పైన 6ది ఒక్క ముక్కే ఉంది, అది నా హార్నెస్‌కే, అంటే నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలకే, బోర్లా పడుకున్న నా పొట్ట కింద.

లోపలివాడు స్పృహలో ఉన్నాడు, తన దగ్గరున్న రెండు ప్రూసిక్‌లతో తనే పాక్కుంటూ వచ్చాడు. లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించను. అంచు దగ్గర తాడు మంచులోకి జానెడు కోసుకుపోయింది. ఆ జానెడు దాటడానికే ముప్పావుగంట. మొత్తం రెండున్నర గంటలు. రెండు వేళ్ళ కొనలు నల్లబడ్డాయి. తిరుగు రైల్లో ముగ్గురం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇంత కథ ఎందుకంటే, అందరూ పడ్డవాడి గురించే ఆలోచిస్తారు. సాధన చేయాల్సింది పైన బోర్లా పడుకున్నవాడు. వాడికి నిలబడే వీల్లేదు, చేతులు మొద్దుబారి ఉంటాయి, బుర్ర పనిచేయదు. ఆ స్థితిలో చేతులు వాటంతటవే చేసుకుపోవాలి. మీ నలుగురూ ఈ పాత్ర వేయాలి, కోర్సు చేయని ఇద్దరూ మరీ ముఖ్యం. నువ్వే నెర్రెలో ఉంటే నిన్ను తీయాల్సింది వాళ్ళే కదా.

యాంకర్ ఇసుకలో నేర్చుకో. మాకు నాగావళి, మీకు మహేంద్రతనయ. పైనున్న పొడి ఇసుక పనికిరాదు. తడి తగిలేదాకా తవ్వితే గోడలా నిలబడే ఇసుక వస్తుంది. గట్టిపడిన మంచుకి అది దగ్గర చుట్టం. లాగే దిక్కుకి అడ్డంగా, ఐస్ యాక్స్ పొడవున, మోకాలి లోతు గాడి తవ్వు. యాక్స్ కర్రకి నడిమధ్య కాకుండా తలవైపు కాస్త జరిపి స్లింగ్ (గట్టి పట్టీతో చేసిన ఉచ్చు) కట్టి, ముక్కు కిందికి ఉండేలా గాడిలో పరుచు. స్లింగ్ బయటికి రావడానికి గాడి మధ్యనుంచి లాగే దిక్కుకి సన్నటి కాలువ తియ్యి. అందరూ తప్పు చేసేది ఈ కాలువ దగ్గరే. బద్ధకించి పొట్టిగా తీస్తారు. అప్పుడు స్లింగ్ నిటారుగా పైకొచ్చి, లాగగానే యాక్స్‌ని ముల్లంగిలా పెరికేస్తుంది. కాలువ గాడి అడుగునుంచి మొదలై, పొడుగ్గా, వాలుగా రావాలి. తర్వాత గాడి పూడ్చి తొక్కు. ముందుగోడ మీద మాత్రం అడుగు వేయకు, బరువంతా ఆపేది అదే. నలుగురూ కలిసి లాగి చూడండి. ఊడితే సంతోషించి, ఎందుకు ఊడిందో తవ్వి చూడండి. అందరికీ యాక్స్‌లు లేకపోతే రోకలి పాతవచ్చు. నేను అలాగే చేయించాను. ఒకటి నాగావళిలో పోయింది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

నిలబడి చేస్తే ఇదంతా పిల్లల ఆట. రెండోవారం నుంచి నీ నడుముకి తాడు కట్టి, అవతలి కొస ఇద్దరు పట్టుకుని ఆపకుండా లాగుతూ ఉండాలి. నువ్వు పడుకునే, కాళ్ళు ఇసుకలో తన్నిపెట్టి, ఒక చేత్తో తవ్వాలి. మొదటిరోజు తిట్టుకుంటావు.

ఇక ప్రూసిక్. 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా ఆయన పర్వతారోహణకి తెచ్చిన ముడి. ఆయన కంటే ముందు మన కల్లుగీసేవాళ్ళకు ఆ కిటుకు తెలుసు. తాటిచెట్టు ఎక్కేవాడి మోకు చూడు. వెనక్కి వాలితే మాను పట్టేస్తుంది, బరువు తీస్తే పైకి జరుగుతుంది. ప్రూసిక్ కూడా అంతే, చెట్టుకి బదులు తాడు. ఒకటి నడుముకి, ఒకటి కాలికి. కాలిదాంట్లో నిలబడి నడుముది జరుపు, నడుం మీద కూర్చుని కాలిది జరుపు. మీ వీధిలో గట్టి మామిడికొమ్మ ఉంటే చాలు. మూడు చుట్లు వేయి, తాడు తడిసి మంచు పట్టి జారుతుంటే నాలుగు. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచి ఏమవుతుందో నర్సువి, నీకు నేను చెప్పాలా? పడ్డవాళ్ళు చేయాల్సిన మొదటిపని కాలికి ఆసరా చేసుకోవడం. రెండోది, భుజాన ఉన్న సంచి తీసి కిందికి వేలాడదీయడం. సంచికి ముందే ఒక స్లింగ్ కట్టి ఉంటేనే అది కుదురుతుంది.

ముడి వచ్చింది అనుకున్న రోజున చేపల బజారుకెళ్ళి పది రూపాయల ఐసు ముక్కలు అడుగు. బకెట్టు నీళ్ళలో వేసి, చేతులు రెండు నిమిషాలు ముంచి, తడి గ్లవ్స్ తొడుక్కుని, కళ్ళు మూసుకుని ప్రూసిక్ వేయి. నేను మొదటిసారి చేసినప్పుడు ముడి కాదుగదా, తాడు కొస కూడా దొరకలేదు. మా పిల్లలకు నేను పెట్టిన లెక్క, వరుసగా పదిసార్లు తప్పకుండా రావాలి. తొమ్మిది వస్తే మళ్ళీ ఒకటి నుంచి.

లాగడం దగ్గరికి వద్దాం. నూతి గిలక తెలుసుగా. అది చేద బరువు తగ్గించదు, దిక్కు మారుస్తుందంతే. బరువు తగ్గాలంటే బరువుతోపాటు కదిలే గిలక ఇంకొకటి కావాలి. పడ్డవాడి తాడు పైకి వచ్చి యాంకర్ దగ్గర ఒక పుల్లీలో తిరిగి, కిందికి పోయి, అదే తాడు మీద ప్రూసిక్‌తో కట్టిన రెండో పుల్లీలో తిరిగి మళ్ళీ నీ చేతికి వస్తుంది. చూడ్డానికి జెడ్ అక్షరంలా ఉంటుంది. కాగితం మీద మూడోవంతు బలం చాలు, 70 కిలోల మనిషికి 24 కిలోలు లాగితే సరి. పుల్లీలు లేక కారబైనర్లలో, అంటే మూతపడే లోహపు కొక్కేలలో తిప్పావనుకో, ఒరిపిడి తినేసి సగం బరువు నీ మీదే పడుతుంది. అంచు రాపిడి వేరే. పైగా మూడు మీటర్లు లాగితే వాడు ఒక మీటరే లేస్తాడు. లాగినది వెనక్కి జారకుండా యాంకర్ దగ్గర ఇంకో ప్రూసిక్ పట్టి ఉంచాలి.

దీనికి బడి అరుగో, డాబా పిట్టగోడో చూసుకోండి, పదడుగులు మించకుండా. మొదట సిమెంటు గోతంలో ఇసుక నింపి లాగండి, కింద ఎవరూ నిలబడొద్దు. మనిషిని దింపేటప్పుడు హెల్మెట్ ఉండాలి, విడిగా ఇంకో తాడు ఇంకో స్తంభానికి కట్టి ఉండాలి, కోర్సు చేసిన ఇద్దరిలో ఒకరు ప్రతి ముడీ చేత్తో తడిమి చూడాలి. ఒక్కరే ఎప్పుడూ చేయొద్దు.

అంచు సంగతి మరిచిపోతారు, నేను మరిచిపోను. పాత నూతుల రాతి అంచు మీద చేంతాడు కోసిన గాళ్ళు చూశావా, వేలు పట్టేంత లోతు? రాయినే కోసిన తాడుకి మంచు ఒక లెక్కా! పడ్డప్పుడే సగం కోసేస్తుంది. ‘ముగ్గురం ఉన్నాం, గుంజేద్దాం’ అని పట్టుకుని లాగితే లోపలివాడు అంచు కప్పు కిందికి వెళ్ళి ఇరుక్కుంటాడు. పక్కటెముకలు విరుగుతాయి. కాబట్టి ఒకరు ప్రూసిక్‌తో తమను తాము కట్టుకుని, పాక్కుంటూ అంచుదాకా వెళ్ళాలి, మాట్లాడాలి, తాడు కింద సంచో యాక్స్ కర్రో దూర్చాలి. దూర్చినదాన్ని కట్టేయాలి, జారితే పడేది వాడి నెత్తినే. తాడు మరీ లోతుకు దిగిపోయి ఉంటే దాన్ని వదిలేయ్. మిగిలిన తాడు మడతపెట్టి, మడతకి పుల్లీ తగిలించి, సర్దిన అంచు మీంచి కొత్తగా లోపలికి వదులు. వాడు దాన్ని హార్నెస్‌కి తగిలించుకుంటాడు. సగం బరువే మీకు, సగం యాంకర్‌కి. ఈ పద్ధతికి తాడు మిగిలి ఉండాలి. నలుగురికి 60 మీటర్ల తాడైతే, మనిషికీ మనిషికీ మధ్య పది మీటర్లు వదిలినా 30 మిగులుతుంది. దాన్ని ముందువాళ్ళూ చివరివాళ్ళూ చెరిసగం భుజాన చుట్టుకోండి. మధ్యలో తాడు వదులుగా వేలాడనివ్వకండి. నేల మీద పాములా పడుందంటే ఎవరో కబుర్లలో ఉన్నారన్నమాట.

ఇక్కడ రానిది కూడా చెప్పాలి. జారుతూ యాక్స్ గుచ్చి ఆగడం ఇసుకలో రాదు. యాక్స్ కర్రతో పొడిచి కింద డొల్ల ఉందో లేదో పసిగట్టడమూ రాదు. అది చెయ్యి నేర్చుకునే విద్య, మంచులోనే నేర్చుకుంటుంది. మనాలి చేరాక శిఖరం వైపు పోకుండా రెండురోజులు మంచువాలు మీద దానికే కేటాయించండి. టూరు వాళ్ళు రోజులు మిగిలించాలని చూస్తారు, ఒప్పుకోకు. కింద చదునుగా, రాళ్ళు లేని చోటు ఎంచుకోండి. ఎండ బాగుందని పల్చటి చొక్కాతో గ్లేసియర్ మీద నడవొద్దు. పైన ఎండే, నెర్రెలో ఫ్రిజ్జు.

సామాన్ల పంపకం మాత్రం ఇంట్లోనే రాసి పెట్టుకోండి. ప్రతి ఒక్కరి నడుముకీ రెండు ప్రూసిక్‌లు, ఒక పొడుగు స్లింగ్, నాలుగు కారబైనర్లు, ఒక పుల్లీ. సంచిలో కాదు, నడుముకి.

ప్రశ్న: హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు మీటరు చవగ్గా వస్తోంది. లారీకి కడితే టన్నులు ఆపుతుంది. కొండకి పనికిరాదా?
– కోరాపుట్ నుంచి

జవాబు: ఆగి ఉన్న బరువుని ఆపడం వేరు, పడుతున్న మనిషిని ఆపడం వేరు. కొండతాడు మనిషి పడినప్పుడు సాగి, ఆ కుదుపుని తను మింగుతుంది. మీ లారీ తాడు ఎంత సాగుతుందో, తడిస్తే ఏమవుతుందో ఎవరూ రాసివ్వరు. ఇసుకలో రోకలి లాగడానికి వాడండి, శుభ్రంగా పనికొస్తుంది. మనిషిని వేలాడదీసే చోట వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి బేసిక్ కోర్సుకి వెళ్తానంటున్నాడు. 2022లో ఉత్తరకాశీ దగ్గర జరిగింది టీవీలో చూసినప్పటినుంచి వాళ్ళమ్మకి నిద్ర లేదు. ఇప్పుడన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా, అది చూసి నేర్చుకుంటే చాలదా?
– ఒక తండ్రి, జయపురం

జవాబు: అయ్యా, వాళ్ళమ్మగారి భయాన్ని నేను కొట్టిపారేయను. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా మీద శిక్షణలో ఉన్న జట్టుపై మంచుచరియ విరుచుకుపడింది, 29 మంది పోయారు. వాళ్ళు నేర్చుకోనివాళ్ళు కాదు. తాడు విద్య చరియని ఆపదు, ఆ మాట మీ అబ్బాయికీ చెప్పండి.

కానీ యూట్యూబ్ అంటే ఒప్పుకోను. ముడి ఎలా వేయాలో చూపిస్తుంది, ఆ ముడి మీద మనిషి బరువు పడ్డప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో చూపించదు. బేసిక్ కోర్సు 28 రోజులు. డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ 1954 నుంచి, ఉత్తరకాశీది 1965 నుంచి నడుస్తున్నాయి. మన తెలుగుపిల్ల పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు కదా. వాళ్ళు మొదలుపెట్టింది భువనగిరి బండ మీద, అయినా మంచు నేర్వడానికి డార్జిలింగ్ వెళ్ళాల్సి వచ్చింది. ఈలోపు అబ్బాయిని పది కిలోల సంచితో దేవమాలికి నాలుగుసార్లు నడిపించండి. ఒడిశాలో అంతకంటే ఎత్తు లేదు, 1,672 మీటర్లు, మీకు దగ్గర. నాలుగోసారి కూడా వెళ్తానంటే ఫారం నింపండి.

ప్రశ్న: తాతగారూ, నేను తొమ్మిదో తరగతి. మీరు ఆదివారం నాగావళిలో అన్నయ్యలచేత రోకళ్ళు పాతించడం వంతెన మీంచి చూశాను. నేనూ రావచ్చా?
– రాయగడ

జవాబు: రా. ఆరింటికల్లా ఉండాలి, ఎనిమిది దాటితే ఇసుక కాలుతుంది. ఇంట్లో చెప్పి రా, అమ్మ సంతకంతో చీటీ తే. పాత ఉన్ని గ్లవ్స్ ఉంటే తెచ్చుకో, లేకపోతే మేజోళ్ళు చేతులకి తొడుక్కుందువుగాని. పార నా దగ్గరుంది. రోకలి మాత్రం మీ ఇంటినుంచే తేవాలి.